పిలుపు ఇస్తే జనం వస్తారా? బహిష్కరణ ఉద్యమాలపై అపోహలు, వాస్తవాలు

ప్రజా సంఘాల కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్న నాకు తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: "బహిష్కరణకు పిలుపు ఇచ్చామండీ, ఎవరూ కదల్లేదు, మన జనంలో చైతన్యం లేదు." ఆ మాట వెనుక ఉన్న నిరాశను నేను అర్థం చేసుకోగలను గానీ, అందులోని తీర్పును మాత్రం ఒప్పుకోలేను. జనం కదలకపోవడానికి కారణం చాలాసార్లు, వాళ్ల ఇంటికి వెళ్లి వాళ్లను ఎవరూ అడగకపోవడమే. అహింసాయుత పోరాటాలకు, ముఖ్యంగా కొనుగోలుదారుల ఒత్తిడి మీద ఆధారపడే పోరాటాలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే కనుక ముందుగా దీన్నే వివరిస్తాను.

అపోహ: పిలుపు గట్టిగా ఉంటే, కరపత్రమో వాట్సాప్ సందేశమో ఊరంతా తిరిగితే, జనం వాళ్లంతట వాళ్లే వస్తారు.

దీనికి రుజువుగా అందరూ అమెరికాలోని మాంట్‌గోమరీ నగరాన్ని చూపుతారు. బస్సులో తెల్లజాతీయుడికి సీటు ఇవ్వనన్నందుకు 1955 డిసెంబరు 1న రోసా పార్క్స్ అనే నల్లజాతి మహిళ అరెస్టయ్యారు, డిసెంబరు 5న నల్లజాతీయులు బస్సులు ఎక్కడం మానేశారు, ఆ బహిష్కరణ 381 రోజులు సాగింది. ఆ ఊరి కాలేజీ అధ్యాపకురాలు జో ఆన్ రాబిన్సన్ ఒక్క రాత్రిలో వేల కరపత్రాలను సైక్లోస్టైల్ తీయించిన మాట నిజమే. అయితే మర్నాడే అవి బడులకూ చర్చిలకూ ఇళ్లకూ చేరాయంటే, ఆమె నడిపిన ఉమెన్స్ పొలిటికల్ కౌన్సిల్ అనే నల్లజాతి మహిళల సంఘానికి అప్పటికే నగరమంతటా మనుషులు ఉండబట్టే. బస్సుల బహిష్కరణ తప్పకపోవచ్చని ఆ సంస్థ 1954 మే నెలలోనే మేయరుకు లేఖ రాసింది. కాలిఫోర్నియా ద్రాక్షతోటల కూలీల కథ కూడా ఇలాంటిదే. 1965 సెప్టెంబరులో లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలోని ఫిలిపినో కూలీలు సమ్మెకు దిగినప్పుడు, కొద్ది రోజులకే సీజర్ చావెజ్, డొలోరెస్ వెర్టాల సంఘం వారితో కలిసింది. ఆ సంఘం 1962 నుంచీ కూలీల ఇళ్లలో చిన్న చిన్న సమావేశాలు పెట్టుకుంటూ, పూటగడవని వాళ్ల దగ్గర కూడా నెలచందా తీసుకుంటూ పెరిగింది. చందా ఇచ్చిన మనిషి సంఘాన్ని తనదనుకుంటాడు, లెక్క అడుగుతాడు, పక్కింటివాణ్ని వెంట తెస్తాడు.

మన నెల్లూరు జిల్లాలో 1990వ దశకం మొదట్లో జరిగిన సారా వ్యతిరేక ఉద్యమం ఏ నాయకుడి పిలుపుతోనూ మొదలు కాలేదు. అక్షరాస్యత కేంద్రాల్లో సాయంత్రం పూట పక్కపక్కన కూర్చున్న ఆడవాళ్లు, సారా తెచ్చే కష్టాలు చెప్పే సీతమ్మ కథ పాఠం చదువుతూ తమ ఇళ్ల సంగతి ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ జిల్లాలోని దూబగుంట అనే ఊళ్లో సారా అమ్మకం ఆపించిన వార్త మిగతా ఊళ్లకు చేరేసరికి, ఆ ఊళ్లలో కూడా అలాంటి కేంద్రాలూ, అలా కూర్చుని మాట్లాడుకునే ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లు సారా వేలంపాటలకు అడ్డం నిలబడ్డారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా ప్రభుత్వం సారాను నిషేధించవలసి వచ్చింది.

కనుక వాస్తవం ఇది: ఇంటికి వెళ్లి అడిగితేనే మనుషులు చేరతారు, చేతికి ఒక పని ఇస్తేనే నిలుస్తారు. కొన్నేళ్ల క్రితం కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో పాడి రైతులకు తోడుగా పనిచేశాను. పాలు పోసే ఆడవాళ్లకు కనిపించకుండా వెన్న శాతం కొలిచి, నోటిమాటగా ఒక అంకె చెప్పి డబ్బు కట్టే ఒక ప్రైవేటు డెయిరీతో వాళ్ల తగాదా. పరీక్ష తమ ఎదుట చేయాలని, అంకె ముద్రించిన చీటీ చేతికి ఇవ్వాలని మాత్రమే వాళ్లు అడిగారు. అది జరిగేదాకా ఆ పాలు కొనవద్దని అడగడానికి, పట్టణంలో ఆ డెయిరీ ప్యాకెట్లు కొనే ఇళ్లకు ఇద్దరిద్దరు చొప్పున వెళ్లారు. వాళ్ల చేతిలో ఉన్న రూళ్ల నోటుపుస్తకంలో నాలుగు గడులు ఉండేవి: ఏ ఇల్లు, ఎవరు మాట్లాడారు, ఆ ఇంటివాళ్లు ఏమన్నారు, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి. "ఆలోచిస్తామమ్మా" అన్న ఇంటికి నాలుగో గడిలో తేదీ తప్పకుండా పడేది. ఒక అపార్ట్‌మెంటులో పసిబిడ్డ తల్లి, "నాకు పొద్దున్నే పాలు కావాలి, నేనేం చేయను పిన్నీ?" అని అడిగితే, ఆ పాడి రైతు, "రేపటినుంచి మా గేదె పాలు నేనే తెచ్చి పోస్తాను తల్లీ, నీ బిడ్డను పస్తుపెట్టి మేము గెలవక్కర్లేదు" అంది. మూడో రోజుకు ఆ అమ్మాయే తన అంతస్తులోని మిగతా ఇళ్లకు వెళ్లి మాట్లాడింది. ఎంత పెద్ద మైకులో చెప్పినా ఆ అమ్మాయి మనకు దొరికేది కాదు.

అపోహ: ఎన్ని వస్తువులు బహిష్కరిస్తే అంత ఒత్తిడి.

వస్తువుల జాబితా పెరిగినకొద్దీ పాటించేవాళ్లు తగ్గుతారు. కొనుగోలుదారుడు దుకాణంలో నిలబడి క్షణంలో గుర్తుపట్టగలిగేంత తేలికగా లక్ష్యం ఉండాలి. ద్రాక్ష కూలీలు 1967లో ముందు ఒకే పెద్ద తోటల కంపెనీ పండ్లను వద్దన్నారు. మిగతా యజమానులు తమ లేబుళ్లను ఆ కంపెనీకి అరువిచ్చేసరికి ఏ పెట్టె ఎవరిదో తెలియకుండా పోయింది. అప్పుడు కాలిఫోర్నియా నుంచి వచ్చే తినే ద్రాక్ష ఏదీ కొనవద్దని పిలుపును మార్చారు. ఎవరైనా ఒప్పందం మీద సంతకం చేస్తే వారి పెట్టె మీద సంఘం గద్దగుర్తు పడేది, ఆ గుర్తున్న పండ్లు కొనవచ్చు. అంటే యజమానికి తిరిగి వచ్చే దారి ఎప్పుడూ తెరిచే ఉంది. ఇంకో సంగతి, వాళ్లు తోట గేటు దగ్గరే ఆగిపోలేదు. దూరనగరాల్లోని సూపర్‌మార్కెట్ల ముందు నిలబడ్డారు. ద్రాక్ష లేకపోయినా సూపర్‌మార్కెట్‌కు గడుస్తుంది, తోట యజమానికి గడవదు. 1970 జులైలో, సమ్మె జరిగిన డెలానో ప్రాంతపు తోట యజమానులు ఒప్పందాల మీద సంతకాలు చేశారు.

మా పాల విషయంలో ఆ కీలకం కిరాణా దుకాణాల ఇండెంటులో ఉంది. మర్నాటికి ఎన్ని ప్యాకెట్లు కావాలో దుకాణదారు ముందురోజు సాయంత్రమే చెప్పాలి. మిగిలిపోతే నష్టం అతనిదే. అందుకని అతన్ని తిట్టకుండా, ఫలానా ఇళ్లవాళ్లు రేపు తీసుకోరని ముందే చెప్పి, ఆ మేరకు ఇండెంటు తగ్గించమని అడిగారు. ఫ్రిజ్ డెయిరీ ఇచ్చినదే కనుక అతనికీ భయం ఉంటుంది. ఆ భయాన్ని గౌరవించినందువల్లే చాలామంది దుకాణదారులు మాట విన్నారు.

పుకార్ల విషయంలో నాకు ఓపిక తక్కువ. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎవరో ఆ పాలలో యూరియా కలుపుతున్నారని వాట్సాప్‌లో పెట్టారు. పరీక్ష చేయించిన వాళ్లు లేరు, చూసిన వాళ్లు లేరు. "అబద్ధమైనా మనకు మేలే కదా సార్" అన్న కుర్రవాళ్లకు నేను చెప్పింది ఒకటే: రేపు కంపెనీ ల్యాబ్ రిపోర్టు తెచ్చి చూపిస్తే, యూరియా మాటతోపాటు వెన్న శాతం మాట కూడా కొట్టుకుపోతుంది, పరువునష్టం దావా అదనంగా వస్తుంది. ఆ సందేశం అబద్ధమని పాడి రైతులే ఇంటింటికీ వెళ్లి చెప్పారు. ఆ తర్వాతే పట్టణం వాళ్లను పూర్తిగా నమ్మింది.

అపోహ: భయపడేవాళ్లు ఉద్యమానికి పనికిరారు.

భయపడేవాళ్లను దయచేసి చిన్నచూపు చూడకండి. కొడుకు ఉద్యోగమో, అద్దె ఇల్లో, చేబదులో అడ్డం వచ్చే మనిషి భయం నిజమైనది. మాంట్‌గోమరీలో జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి, బయటికి కనిపిస్తే పని పోతుందని జంకే ఆడవాళ్లను కూడగట్టి భోజనాలూ కేకులూ చేసి అమ్మించి, ఎవరి పేరూ బయటికి రాకుండా ఆ డబ్బును ఉద్యమానికి చేర్చారు. బస్సు ఎక్కకుండా పనికి వెళ్లేవాళ్ల ప్రయాణాలకు అలాంటి డబ్బే ఆసరా అయింది. కేసుల సంగతి అడిగేవాళ్లకు కూడా సూటిగా చెప్పాలి: ఒక వస్తువు కొనకపోవడం నేరం కాదు, కొనవద్దని శాంతంగా చెప్పడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమే, బెదిరించడం, దారి అడ్డగించడం, సరుకు పాడుచేయడం నేరాలు. ఊరేగింపు తీస్తే అనుమతి కావాలి, వెనుకటి 144 సెక్షన్ స్థానంలో ఇప్పుడు ఉన్న, గుంపులు చేరడాన్ని నిషేధించే 163 సెక్షన్ ఉత్తర్వు ఏదైనా అమల్లో ఉందేమో ముందే కనుక్కోవాలి.

మిగతావి క్లుప్తంగా. జనాభాలో 3.5 శాతం కదిలితే గెలుపు ఖాయమన్న మాట సూత్రం కాదు. గత ఉద్యమాల్లో కనిపించిన ఒక ధోరణి మాత్రమే, అదీ ప్రభుత్వాలను మార్చిన దేశవ్యాప్త పోరాటాలకు సంబంధించినది, మీ ఊరి డెయిరీకి అది కొలత కాదు. కాస్త హింస తోడైతే పని త్వరగా అవుతుందన్నది పూర్తిగా తప్పు. 1968లో తన సంఘంలోనే కొందరు ఆ వైపు మొగ్గుతున్నారని చావెజ్ 25 రోజులు నిరాహారదీక్ష చేశారు.

మొదలుపెట్టాక పూర్తిగా గెలిచేదాకా ఆపకూడదని కొందరు పట్టుబడతారు. అదీ అపోహే. దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్‌లో 1985 జులైలో నల్లజాతీయులు తెల్లవారి దుకాణాల్లో కొనడం మానేశారు. అమ్మకాలు పడిపోయిన వ్యాపారులు ప్రభుత్వంతో మాట్లాడి, నిర్బంధంలో ఉన్న ఉద్యమ నాయకులను విడిపించారు. దానికి బదులుగా ఉద్యమకారులు కొన్ని నెలలపాటు బహిష్కరణను ఆపారు, అడిగినవి జరగకపోతే మళ్లీ మొదలవుతుందని గడువు పెట్టి మరీ ఆపారు. మా పాడి రైతులు కూడా డెయిరీ నోటిమాటతో ఆగలేదు. సేకరణ కేంద్రంలో కొలత యంత్రం తెర పాలు పోసేవాళ్ల వైపు తిప్పి, ముద్రించిన చీటీలు ఇవ్వడం మొదలైన తర్వాతే ఆపారు. వద్దని చెప్పిన ప్రతి ఇంటికీ, ప్రతి దుకాణానికీ అదే నోటుపుస్తకం పట్టుకుని మళ్లీ వెళ్లి, ఇక కొనుక్కోవచ్చని చెప్పి, రోజువారీ చీటీలను సరిచూసే పనిని ఇద్దరికి అప్పగించారు.