కిలుము రంగు

కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు రాత్రంతా వదిలేస్తే కిలుమెక్కుతుందని మన ఇళ్లల్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. నీలం కలిసిన ఆ ఆకుపచ్చను ఇంగ్లీషులో వర్డిగ్రిస్ అంటారు. రంగుకీ అదే పేరు, ఆ పొరకీ అదే పేరు.

పులుపులోని ఆమ్లం, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఇత్తడిలోని రాగిని కొద్దికొద్దిగా తింటాయి. అలా పుట్టిన రాగి లవణాలు వెలుగులోని ఎరుపు భాగాన్ని పీల్చేసుకుంటాయి కాబట్టి మన కంటికి నీలమూ ఆకుపచ్చా మిగులుతాయి. ఈ లవణాలు పులుసులో కరిగి కడుపులోకి పోతే వాంతులు, కడుపునొప్పి తప్పవు. కళాయి వేసేవాడు గిన్నెను నిప్పుల మీద కాల్చి, నవాసాగరం చల్లి, కరిగిన తగరాన్ని గుడ్డతో లోపలంతా పులిమేది అందుకే. పులుపు రాగిని తాకకుండా తగరం అడ్డుపడుతుంది.

మనం తోమి పారబోసే ఈ సరుకునే ఫ్రాన్స్‌లోని మాంపెల్యేలో పనిగట్టుకుని పండించారు. 18వ శతాబ్దంలో అక్కడ ఇళ్ల నేలమాళిగల్లో ఆడవాళ్లు నడిపిన పరిశ్రమ అది. వైను తీశాక మిగిలిన ద్రాక్ష పిప్పిని మట్టికుండల్లో పులియబెట్టి, దాని మధ్య రాగి రేకులు పేర్చేవారు. పిప్పి పులిసి వెనిగర్ అయ్యేకొద్దీ రేకుల మీద కాపర్ ఎసిటేట్ అనే రాగి లవణం పేరుకునేది. దాన్ని గీకి, ముద్ద చేసి, ఆరబెట్టి చిత్రకారులకు అమ్మేవారు. అసలు వర్డిగ్రిస్ అంటే ఇదే.

యూరప్ చిత్రకారులకు చాలాకాలం ఇంతకన్నా మెరిసే ఆకుపచ్చ దొరకలేదు. కానీ మహా పేచీకోరు రంగు. నూనెలోనో జిగురులోనో కలిపి బొమ్మల్లో వేసిన పచ్చిక కాలం గడిచాక గోధుమరంగుకు తిరిగేది. కాగితం మీదైతే మరీ ఘోరం. పారశీక రాతప్రతుల్లో ఈ రంగుతో పేజీ చుట్టూ గీసిన గీతల వెంబడే కాగితం మాడి, చిట్లి, మధ్య భాగం ఊడిపోయినవి ఉన్నాయి. రాగి అయాన్లు కాగితంలోని సెల్యులోజు అనే పీచు పదార్థాన్ని తినేస్తాయి. దీనికి విరుగుడుగా ఆనాటి రంగుల వాళ్లు కుంకుమపువ్వు కలిపేవారు. రసాయనశాస్త్రం రాకముందే వాళ్లకు అది తట్టడం నాకు అబ్బురంగా ఉంటుంది.

న్యూయార్క్ రేవులోని స్వేచ్ఛా ప్రతిమ రంగును కూడా చాలామంది వర్డిగ్రిస్ అనే అంటారు. రంగు పేరుగా తప్పులేదు, పదార్థం మాత్రం వేరు. 1886లో ఆవిష్కరించినప్పుడు ఆ విగ్రహం కొత్త రాగి బిందె రంగులో ఉండేది. 1906 నాటికి ఆకుపచ్చ కమ్మేసింది. పెయింటు వేద్దామన్న ఆలోచన వస్తే జనం ఒప్పుకోలేదు. గాలిలోని గంధకం, తేమ కలిసి అక్కడ తయారు చేసింది ప్రధానంగా బ్రోకాంటైట్ అనే రాగి సల్ఫేటు ఖనిజం. ఎసిటేటులా అది వాన నీటికి ఇట్టే కరిగిపోదు. లోహాన్ని అంటిపెట్టుకుని, కింది రాగికి గాలీ తేమా సులువుగా చేరకుండా కాపు కాస్తుంది. అందుకే రెండు మిల్లీమీటర్లకు కాస్త పైబడిన మందంతో ఉన్న ఆ రాగి తొడుగు శతాబ్దం తర్వాత కూడా చాలావరకు గట్టిగానే ఉంది. 1986 నాటికి పూర్తయిన మరమ్మతుల్లో మార్చాల్సి వచ్చింది ముఖ్యంగా లోపల తుప్పు పట్టిన ఇనుప పట్టీలను. వాటి స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టారు.