ఛాతీ 34, సైజులు మూడు: పాత కోటు ప్యాటర్న్‌ల తగవు వెనుక కథ

చలికాలపు కోట్లు కుట్టుకునే రోజులు దగ్గరపడేసరికి అమెరికా, బ్రిటన్‌లలో ఇంట్లో బట్టలు కుట్టుకునేవారి మధ్య పాత తగవు మళ్లీ రేగింది. 1940లు, 1950ల నాటి మహిళల కోటు ప్యాటర్న్‌లను (గుడ్డ కత్తిరించడానికి గీసిన కాగితపు నమూనాలను) కంపెనీలు తిరిగి అచ్చువేసి అమ్ముతున్నాయి. కవరు మీది బొమ్మలో కోటు భుజాలకు అమరి, నడుము దగ్గర ఒదిగి, అక్కడి నుంచి ఘేరుగా కిందికి దిగుతుంది. కవరు చెప్పిన సైజుకే కత్తిరించి, లోపల కాన్వాస్ పెట్టి, కాలర్‌కు చేత్తో కుట్లు వేసి, లైనింగ్ తొడిగి తీరా వేసుకుంటే అదే కోటు ఒంటిమీద డేరాలా నిలుస్తోందన్నది కొన్నవారి ఫిర్యాదు. అచ్చువేసినది పాత ప్యాటర్నేనా, దాని పేరుతో వచ్చిన కొత్తదా అని వారు అడుగుతున్నారు.

1863లో మసాచుసెట్స్‌లో ఎబెనెజర్ బటరిక్ సైజుల వారీ కాగితపు ప్యాటర్న్‌లు మొదలుపెట్టిన కథ ఈ రంగంలో అందరికీ తెలిసినదే గనుక దాన్ని ఇక్కడ వదిలేద్దాం. నేటి తగవుకు మూలం అక్కడ లేదు. 1967–68లో అమెరికన్ ప్యాటర్న్ కంపెనీలన్నీ కలిసి సైజులను మార్చిన నిర్ణయంలో ఉంది. అప్పటికి 12వ సైజంటే ఛాతీ 32 అంగుళాలు. ఆ మార్పుతో అదే నంబరు 34 అంగుళాలకు వెళ్లింది, కవర్ల మీద ‘న్యూ సైజింగ్’ అన్న ముద్ర పడింది. రెడీమేడ్ దుస్తుల నంబర్లకు ప్యాటర్న్ నంబర్లను దగ్గర చేయడం దాని ఉద్దేశం. 1950ల మధ్యలోనూ ఒకసారి నంబర్లు మారాయి. ఫలితంగా 34 అంగుళాల ఛాతీ గల స్త్రీ 1940లలో 16వ సైజు, 1960ల మొదట్లో 14, 1968 తర్వాత 12 అయింది. కొలత జాకెట్టు తీసుకెళ్లి దర్జీకి ఇచ్చే అలవాటున్న మనకు నంబరు మీద ఇంత రభస వింతగా తోచవచ్చు గానీ, ముందే గీసిన కాగితాన్ని నమ్మి ఖరీదైన ఉన్ని గుడ్డకు కత్తెర పెట్టేవారికి ఆ నంబరే ఆధారం.

నంబరొక్కటే మారి ఉంటే ఒక పట్టికతో సరిపోయేది. దాని వెనుక ఊహించుకున్న ఒంటి తీరు కూడా మారింది. 1940ల కవర్ల మీద ఛాతీ 34కు నడుము 28, తుంటి 37 అని ఉండేది. నేటి కవర్ల మీద అదే ఛాతీకి నడుము ఇరవై ఆరున్నర, తుంటి 36. పాత ప్యాటర్న్‌లన్నీ సన్ననడుముల వారికే గీసినవన్న ప్రచారం, కనీసం ఆ దశాబ్దం విషయంలో, నిలవదు.

1990ల చివరిలో ప్యాటర్న్ కంపెనీ వోగ్ తన పాత నమూనాలను మళ్లీ తేవడం మొదలుపెట్టినప్పుడు ఈ చిక్కు బయటపడింది. అన్ని పాత ప్రతులూ సంస్థ దగ్గర లేకపోవడంతో అసళ్లు దాచుకున్నవారిని అరువు అడగాల్సివచ్చింది. పాతరోజుల్లో ఒక కవరులో ఒకే సైజు ఉండేది కాబట్టి, అరువు వచ్చిన ఆ ఒక్క సైజును నేటి పట్టికకు అమర్చి, దాని నుంచే మిగతా సైజులను గీయాలి. పైగా అప్పటి వోగ్ కాగితాల మీద చాలాకాలం అచ్చే లేదు. డార్ట్ (ఒంటికి అమరేందుకు వేసే మడత కుట్టు) ఎక్కడ వేయాలో, గుడ్డ నిలువు పోగు ఎటు రావాలో చిల్లులే చెప్పేవి. ఆ చిల్లులను చదివి గీతలుగా మార్చిన చేతి ముద్ర కొత్త ప్యాటర్న్‌లో ఉండకుండా ఎలా ఉంటుంది?

కొత్త అచ్చుల్లో లూజు పెంచడాన్ని సమర్థించేవారి వాదన క్లుప్తమే. ఆనాటి స్త్రీలు ఒంటిని బిగించే లోదుస్తుల మీద కోటు వేసుకునేవారని, నేడు అవి లేవని, కోటు కింద స్వెటర్ పట్టాలంటే లూజు తప్పదని వారంటారు. ఇందులో కొంత నిజముంది. అయితే ఆనాటి కోటూ మందపాటి సూటు మీద వేసుకోవడానికే గీసినది. గౌనుకు ఏ సైజో కోటుకూ అదే తీసుకోవాలన్న సలహా, పైన వేసుకోవడానికి కావలసిన లూజు ప్యాటర్న్‌లోనే ఉన్నందువల్ల వచ్చినది. ఆ లూజు ఎంతో పాత కాగితాన్ని కొలిస్తే తెలుస్తుంది. దాన్ని ఎంత పెంచారో కొత్త కవరు మీద చెప్పడానికి ఏ అడ్డూ కనిపించదు.

అన్ని కోట్ల మీదా ఈ గొడవ లేదు. 1975లో కాలిఫోర్నియాలో మొదలైన ఫోక్‌వేర్ అనే ప్యాటర్న్ సంస్థ అమ్మే, ఫ్రెంచ్ డిజైనర్ పాల్ పోరె తరహా కకూన్ (పట్టుగూడులాంటి) కోటు భుజాల నుంచి వేలాడేది కనుక అంగుళం అటూఇటూ అయినా పట్టింపు లేదు. నడుము దగ్గర అతుకులతో ఒంటికి అమరవలసిన కోట్ల దగ్గరే తగవంతా. అనుభవమున్నవారు కవరు మీది సైజును పక్కనపెట్టి, కాగితం మీద అచ్చయిన, కుట్టాక కోటుకు వచ్చే తుది కొలతను చూసి ఒకటి రెండు సైజులు తగ్గించి, ముందు పాత దుప్పటితో కుట్టి చూసుకుంటున్నారు. రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయంలోని కమర్షియల్ ప్యాటర్న్ ఆర్కైవ్‌లో వేలాది పాత కవర్ల బొమ్మలు, వాటిలోని ముక్కల ఆకారాలు భద్రంగా ఉన్నాయి. పునర్ముద్రణలోని వీపు ముక్కను ఆ ఆకారం పక్కన పెట్టి చూస్తే గీత ఎక్కడ జరిగిందో కంటికే తెలిసిపోతుంది.