జనవరి 1 వాగ్దానం కార్డు వెనుక కథ

డిసెంబర్ 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన అయ్యాక మన తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఒక బుట్టలో చిన్న చిన్న కార్డులు పెడతారు. ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకుంటాం, దాని మీదున్న వచనమే ఆ ఏడాదికి మన వాగ్దానం. బైబిల్లో దాచుకుంటాం, వాట్సాప్ స్టేటస్‌గా పెడతాం. ఇది వాక్యాన్ని జాతకంలా వాడటమే అని కొందరు కోప్పడతారు. ఆ ఒక్క వచనమే నన్ను ఏడాదంతా నిలబెట్టింది అని ఇంకొందరు కన్నీళ్లతో సాక్ష్యం చెబుతారు. ఆ సాక్ష్యాలను నేను తేలిగ్గా తీసుకోలేను, కోప్పడేవాళ్ల భయమూ నిజమైనదే, అందుకే ఈ అలవాటు ఎలా మొదలైందో ఒకసారి చూద్దాం.

బైబిల్ రాసినవాళ్లెవరూ వచనాలకు నంబర్లు వేయలేదు. పౌలు పత్రికలు రాస్తే సంఘమంతా కూర్చుని వినేది, తర్వాత పక్క ఊరి సంఘానికి పంపేది. కొలొస్సయులకు రాసిన పత్రిక చివర్లో లవొదికయలో కూడా చదివించండి అని ఆయనే చెప్పాడు. రెండో శతాబ్దం మధ్యలో రోమ్‌లో ఆదివారం ఆరాధన ఎలా జరిగేదో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాసిపెట్టాడు: అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల రాతలో సమయం ఉన్నంతసేపు చదివేవారట. అంటే వాళ్లకు వాక్యం అంటే చెవిన పడే పెద్ద కథ, ఒక చోట మొదలై ఇంకో చోటికి నడిచే మాట. ఇప్పుడు మనం వాడే అధ్యాయాలు 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఇంగ్లండ్ ఆర్చిబిషప్ విభజించినవి అంటారు. కొత్త నిబంధనకు వచనాల నంబర్లు ఇంకా ఆలస్యంగా, 1551లో, రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు వేశాడు. వెతుక్కోవడానికి ఎంతో మేలు జరిగింది. కత్తిరించి పట్టుకెళ్లడమూ అప్పుడే సులువైంది.

మన కార్డుకి చరిత్రలో బాగా దగ్గరగా కనిపించేది జర్మనీలోని హెర్న్‌హూట్ అనే ఊరి అలవాటు. ఇప్పటి చెక్ దేశంలో ఉన్న మొరేవియా నుంచి పారిపోయి వచ్చిన విశ్వాసులకు జిన్‌జెండార్ఫ్ అనే జమీందారు తన భూమిలో చోటిచ్చాడు. 1728 మే 3 సాయంత్రం ఆయన మర్నాటి కోసమని వాళ్లకు ధ్యానించుకోవడానికి ఒక మాట ఇచ్చాడు. అప్పటి నుంచి రోజుకో మాట, పొద్దున్నే ఇంటింటికీ వెళ్లి చెప్పేవారు. 1731 నుంచి ఏడాది మొత్తానికి సరిపడా అచ్చువేస్తున్నారు, ఆ పుస్తకం నేటికీ ఎన్నో భాషల్లో వస్తోంది. పాత నిబంధన వచనాన్ని చీటీ తీసే ఎంచుతారు! కానీ దానికి తోడుగా కొత్త నిబంధన నుంచి ఇంకో మాటను ఆలోచించి జతచేస్తారు. పైగా ఆ రోజు మాట ఊరందరికీ ఒకటే, నాకొకటి నీకొకటి కాదు. మన కార్డుల్లో లేనిది ఈ రెండూ అని నాకు అనిపిస్తుంది.

వాచ్‌నైట్ కూడా ఆ కాలంలోదే. బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్‌లో బొగ్గు గని కార్మికులు, ఒకప్పుడు శనివారం రాత్రులు తాగుడులో గడిపినవాళ్లు, మారుమనస్సు పొందాక అదే రాత్రిని ప్రార్థనలో గడపడం మొదలుపెట్టారు, 1740లలో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ దాన్ని మిగతా చోట్లకూ తీసుకెళ్లాడు. వెస్లీ సంగతే చూడండి. 1738 మే 24 తెల్లవారుజామున ఆయన కొత్త నిబంధన తెరిస్తే కనిపించింది 2 పేతురు 1:4, అమూల్యమైన వాగ్దానాలు దేవుడు మనకు ఇచ్చాడన్న మాట. దొరికిన వచనం అది, అచ్చం మన కార్డులాగే. కానీ ఆయన హృదయం వెచ్చబడింది మాత్రం ఆ రాత్రి ఆల్డర్స్‌గేట్ వీధిలో, రోమా పత్రికకు జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన ముందుమాటను ఒకరు చదువుతుంటే కూర్చుని విన్నప్పుడు.

ఆ లూథర్ కూడా రోమా 1:17 దగ్గర ఏళ్ల తరబడి చిక్కుకున్నవాడే. దేవుని నీతి అంటే శిక్షించే నీతి అనుకుని ఆ మాటనే ద్వేషించాడు. రాత్రింబగళ్లు ధ్యానించి, ముందువెనుకల మాటలతో కలిపి చదివాక, దేవుడు విశ్వాసికి ఉచితంగా ఇచ్చే నీతి అది అని తెలిసి, పరలోక ద్వారం తెరుచుకున్నట్టు అయిందని తర్వాత రాసుకున్నాడు. ఆయనకు దేవుడు కొత్తగా కనిపించింది అక్కడ. తొలి శతాబ్దాల సంఘ బోధకుడు అగస్టీన్ 386లో ఇటలీలోని మిలాన్‌లో ఒక తోటలో పుస్తకం తెరిచి రోమా 13 ఒక్క ముక్క చదివి మారిపోయాడు అంటాం, నిజమే, కానీ దాని వెనుక మిలాన్ బిషప్ అంబ్రోస్ ప్రసంగాలు విన్న రోజులు ఎన్నో ఉన్నాయి, తల్లి మోనికా ప్రార్థనలు ఉన్నాయి.

మన దగ్గరికి వస్తే, తెలుగులో మూడు సువార్తలు 1812లో బెంగాల్‌లోని సీరంపూర్‌లో అచ్చయ్యాయి, విశాఖపట్నంలో మిషనరీలతో పాటు ఆనందరాయర్ కూడా ఆ అనువాదానికి కష్టపడ్డాడు. కానీ ఒంగోలు ప్రాంతపు మాదిగ పల్లెల్లో చాలామందికి చదవడం రాదు. వాళ్లకు వాక్యం చేరింది ఎర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు ఊరూరా తిరిగి చెప్పడం వల్ల. చచ్చిన పశువు మాంసం మానేశారు, ఆదివారం పని మానేశారు, విగ్రహాలకు మొక్కడం మానేశారు. దానికి ఊరి పెద్దల కోపం భరించారు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కార్డు లేదు, చేతిలో పుస్తకం కూడా లేదు, విన్న మాట బతుకుని మార్చేసింది.

ఇక మన కార్డుల మీద తరచూ కనిపించే యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." ఇది బబులోనుకు చెరపట్టబడిన జనానికి యిర్మీయా పంపిన ఉత్తరంలోని మాట. దాని పై వచనంలోనే డెబ్బై ఏళ్లు అని ఉంది, అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగుప్రయాణం చూడరు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మిమ్మల్ని చెరపట్టిన పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అని కూడా అదే ఉత్తరంలో ఉంది. ఈ వచనం కార్డులో వచ్చినవాళ్లు దయచేసి అధ్యాయమంతా గట్టిగా, ఇంట్లో అందరూ వినేలా చదవండి. ఆ డెబ్బై ఏళ్ల మాటను చదివిన ఒక మనిషి బైబిల్లోనే ఉన్నాడు: దానియేలు, 9వ అధ్యాయం. గ్రంథాల్లో ఆ లెక్క చూసి గ్రహించాక ఆయన ఉపవాసముండి, గోనెపట్ట కట్టుకుని, మేము పాపం చేశాం అంటూ తన జనమంతటి తరఫున ఒప్పుకోవడం మొదలుపెట్టాడు.