నవాబుగారి వంశవృక్షం, మన ప్లాటు: అపోహలు - వాస్తవాలు

మొన్న వేసవిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు భార్యతో కలిసి మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో బట్టల దుకాణం సంచి, అందులో లామినేషన్ చేయించిన ఒక వంశవృక్షం, ఉర్దూలో ఉన్న నాలుగు జిరాక్సులు, ఒక జీపీఏ (అమ్మే అధికారం ఇస్తూ రాసిన పత్రం), ఒక అగ్రిమెంటు ఉన్నాయి. వంశవృక్షం నెత్తిన ఆసఫ్ జాహీల, అంటే నిజాం వంశం, చిహ్నమైన కుల్చా రొట్టె బొమ్మ, కింద కుడివైపు మూలన ఎర్ర సిరాతో సున్నా చుట్టిన ఒక పేరు. "ఈయనే సార్, మాకు అమ్ముతున్నది. నిజాంగారి తమ్ముడికి మునిమనవడట. ఇంతకంటే పక్కా టైటిల్ ఏముంటుంది?" అన్నారాయన. రిటైర్మెంటు డబ్బులో సగం అప్పటికే బయానాగా వెళ్లిపోయింది.

హైదరాబాదులో టైటిల్ పరిశీలన చేసే ప్రతి న్యాయవాదికీ ఈ సన్నివేశం పరిచయమే. ఊరు మారుతుంది, సర్వే నంబరు మారుతుంది, సున్నా చుట్టిన పేరు మారుతుంది గాని ఆ నమ్మకం మాత్రం మారదు. అందుకని దాని మీదే ఎక్కువ రాస్తాను. మిగతావి దాటుకుంటూ పోతాను.

అపోహ: రాజకుటుంబంలో పుట్టిన ప్రతివారికీ, దాయాది శాఖల వారికి సైతం, "నిజాం భూముల్లో" వాటా ఉంటుంది.

ఉండదు. ఎందుకు ఉండదో తెలుసుకోవాలంటే "నిజాం భూములు" అనే మాటనే ముందు విడదీయాలి. సర్ఫేఖాస్ అంటే పాలకుడి హోదాలో నిజాంకు ఆదాయం వచ్చిన ప్రాంతాలు. అవి 1949 ఫిబ్రవరిలోనే దివానీలో, అంటే ప్రభుత్వ భూముల్లో, కలిసిపోయాయి. అందుకు పరిహారంగా ఏడో నిజాంకు ఏడాదికి 25 లక్షల రూపాయలు, రాజభరణంగా 50 లక్షలు ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. ఇక దాయాదులు, అల్లుళ్లు, అమీర్లు అనుభవించిన జాగీర్ల సంగతి చూస్తే, 1358 ఫస్లీ (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం) నాటి జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1949 ఆగస్టు 15న అమల్లోకి వచ్చి అవన్నీ సర్కారుకు దఖలు పడ్డాయి. ఆ చట్టంలో జాగీరు అనే మాటకు ఇచ్చిన నిర్వచనం ఒక్కటి చదివితే చాలు, సగం అగ్రిమెంట్లు చెత్తబుట్టలోకి పోతాయి: పైగా (నిజాంల అల్లుళ్ల వంశానికి ఇచ్చిన జాగీరు), సంస్థానం, మక్తా, అగ్రహారం, ఉమ్లీ, ముకాసా, పాలకుడు ఇచ్చినా, జాగీర్దారు ఇచ్చినా, అన్నీ అందులోనే ఉన్నాయి. జాగీర్దార్లకు దక్కింది జాగీరుకు బదులుగా ఇచ్చే కమ్యుటేషన్ సొమ్ము. అది కూడా లెక్క కట్టి, వాటాదార్లకు పంచి, విడతలుగా చెల్లించిన డబ్బేగాని భూమి కాదు. జాగీర్దారు సొంత సాగులో ఉన్నట్టు రుజువైన నేలలు వేరే మాట, వాటికి ఖాస్రా పహాణీ అనే సాగు రికార్డులో ఆనవాలు ఉండి తీరుతుంది. ఇంతకీ జాగీరు అంటేనే ప్రధానంగా శిస్తు వసూలు చేసుకునే హక్కు. దున్నుకునే రైతు పట్టా ఆనాడూ రైతుదే. జాగీరు పోయినంత మాత్రాన అది నవాబుగారి మనవడికి పట్టాగా మారిపోదు.

మిగిలింది నిజాం సొంత ఆస్తి. భవనాలూ వాటి ఆవరణలూ బ్లూ బుక్ అనే జాబితాలో ఉన్నాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1967 ఫిబ్రవరి 24న మరణించారు. ఆయనకు కొడుకులున్నారు. సున్నీ ముస్లింల హనఫీ వారసత్వ నియమం ప్రకారం కొడుకు బతికి ఉంటే తమ్ముడికి వాటా రాదు. తమ్ముడికే రానిది ఆ తమ్ముడి మునిమనవడికి ఏ దారిన వస్తుంది? కొడుకు బతికి ఉండగా, తండ్రి ముందే పోయిన మనవడికి సైతం ఆ చట్టం వాటా ఇవ్వదు. నాకు వచ్చే వంశవృక్షాల్లో చాలావాటిని ఈ రెండు నియమాలతోనే, భూమి రికార్డుల జోలికి పోకుండానే, పక్కన పెట్టవచ్చు. అయినా "రాజుగారి ఇల్లు కదా, అందరికీ ఎంతో కొంత ఉంటుంది" అని మనవాళ్లు ఎందుకు అనుకుంటారంటే, మన ఊళ్లలో ఉమ్మడి కుటుంబపు ఆస్తినీ దాయాదుల పంపకాలనూ చూసిన కళ్లతోనే వాటినీ చూస్తారు కాబట్టి. అక్కడ హిందూ ఉమ్మడి కుటుంబాల మితాక్షర న్యాయం లేదు, పుట్టుకతో వచ్చే వాటా లేదు.

మరి ఆ బంధువులందరినీ నిజాం గాలికి వదిలేశారా అంటే, లేదు. 1950 మే నెలలో ఆయన ఫ్యామిలీ ట్రస్టు రాశారు. 9 కోట్ల రూపాయల మూలధనాన్ని 175 యూనిట్లుగా లెక్కించి, 5 యూనిట్లు రిజర్వు నిధికి, మూడున్నర ఖర్చులకు తీసి, మిగిలిన 166న్నర యూనిట్లను షెడ్యూలులో పేరున్న బంధువులకు కేటాయించారు. ఆ ట్రస్టు సంపద పన్ను వ్యవహారం 1977లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది కూడా. దాయాది శాఖలకు నిజంగా దక్కిన రక్షణ ఎక్కువగా ఈ రకానిది: ట్రస్టు నుంచి నెలనెలా వచ్చే సొమ్ము. దాన్ని చూపించి ఎవరూ గజం నేల అమ్మలేరు. లండన్ బ్యాంకులో 1948 నుంచి చిక్కుపడి ఉన్న నిజాం సొమ్ము కథ అందరికీ తెలిసిందే. 2019 అక్టోబరు 2న అక్కడి హైకోర్టు ఆ డబ్బు భారత ప్రభుత్వానికీ, ముకర్రం జా, ముఫఖ్ఖం జా అనే ఇద్దరు మనవలకూ చెందుతుందని తేల్చింది. మిగతా సంతతివారిలో కొందరు ఆ తీర్పును తిరగదోడమని అడిగితే 2020లో అదే కోర్టు కాదన్నది. సొంత మనవలూ మనవరాళ్ల మాటే అలా ఉంటే, తమ్ముడి వంశం మాట చెప్పాలా?

ఇక "హైకోర్టు డిక్రీ ఉంది సార్" అనే మాట. అనేక సందర్భాల్లో ఆ డిక్రీ సీ.ఎస్. 14/1958 అనే పంపకాల దావాలోనిది. ఖుర్షీద్ జాహీ పైగా వారసులు తమలో తాము వేసుకున్న దావా అది, ప్రాథమిక డిక్రీ 1963లో వచ్చింది. ఆ డిక్రీలోని వాటాలను అసైన్‌మెంట్ డీడ్‌ల (హక్కు బదలాయింపు పత్రాల) ద్వారా ముక్కలు ముక్కలుగా అమ్ముకుంటూ పోయిన వ్యవహారం అరవై ఏళ్లు నడిచింది. కూకట్‌పల్లి దగ్గర హైదర్‌నగర్ సర్వే నంబరు 172 విషయంలో 2023లో సుప్రీంకోర్టు చెప్పింది సారాంశంలో చాలా మామూలు న్యాయసూత్రమే: అన్నదమ్ములు తమ మధ్య పంచుకున్నామని తెచ్చుకున్న డిక్రీ దావాలో లేని బయటివాళ్ల మీద హక్కు పుట్టించదు. ఈ మాట సాదాసీదాగా అనిపిస్తుంది గాని, దీన్ని పెడచెవిన పెట్టి ఇల్లు కట్టుకున్న వాళ్ల ముఖాలు నేను చూశాను.

నేనేమీ పుట్టుకతో తెలివైనవాణ్ని కాదు. ప్రాక్టీసు మొదలుపెట్టిన నాలుగో ఏడు, ఇలాంటి ఒక వంశవృక్షాన్నీ ఒక మున్‌తఖబ్ (నిజాం కాలపు వారసత్వ ఉత్తర్వు) జిరాక్సునూ చూసి "ప్రాథమికంగా సరిగానే కనిపిస్తోంది" అని ఒపీనియన్ రాయబోయాను. మా సీనియర్ ఆ కాగితం లాక్కుని, "ఉర్దూ నీకు రాకపోతే వచ్చినవాడితో చదివించు, అంతేగాని సీలు చూసి సంతకం పెట్టకు" అన్నారు. చదివిస్తే అందులో ఉన్నది నగదు మన్సబు, అంటే భత్యం, వారసత్వం. ఎకరాలు, గుంటలు, గ్రామం ఏమీ లేవు. అందుకే ఉపాధ్యాయుడుగారి సంచిలోని నాలుగు జిరాక్సులనూ అదే పూట చదివించాను. 1340 ఫస్లీ, అంటే 1930-31 నాటి మున్‌తఖబ్ ఒకటి. యోమియా, అంటే రోజువారీ భత్యం, తండ్రి తరవాత ఏ కొడుకు పేర సాగాలో తేల్చిన ఉత్తర్వు అది. భత్యం మొత్తం రోజుకు కొన్ని అణాలు. దాని ఆధారంగా శివారులో రెండువందల గజాలు అమ్ముతున్నారు!

చూడవలసిన కాగితాలు వేరే ఉన్నాయి. సేత్వార్ (సర్వే నాటి భూమి రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ, తరవాతి పహాణీల వరస, లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పత్రాలు), ఈసీ (రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం), రిజిస్ట్రేషను నిషేధించిన ఆస్తుల 22-ఏ జాబితా. వీటిలో ఎక్కడా లేని పేరు వంశవృక్షంలో ఎంత పైకొమ్మన ఉన్నా ఉపయోగం లేదు. జీపీఏతోనే అమ్మకం పూర్తయినట్టు కాదని 2011లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జీపీఏ ఇచ్చిన పెద్దాయన పోతే మామూలుగా అదీ ఆయనతోనే పోతుంది.

అపోహ: జంగ్, దౌలా, జా అని పేరు చివర ఉంటే రాజరక్తమే.

అవి ఇంటిపేర్లు కావు, బిరుదులు. జంగ్ మీద దౌలా, దాని మీద ముల్క్, ఆపైన ఉమరా, జా. గుజరాత్ తొలి గవర్నరు మెహదీ నవాజ్ జంగ్, మహారాష్ట్ర గవర్నరుగా చేసిన అలీ యావర్ జంగ్ పరిపాలనలో ఎదిగిన వారేగాని నిజాం దాయాదులు కారు. ఈనాడు ఎవరైనా విజిటింగ్ కార్డు మీద ఆ బిరుదు అచ్చు వేయించుకుంటే అది ప్రింటింగ్ ప్రెస్సు ఇచ్చిన బిరుదు.

అపోహ: పైగాలు, సాలార్ జంగులు నిజాం వంశం వాళ్లే.

పైగాలది పెళ్లిళ్ల బంధుత్వం, నిజాంల కూతుళ్లను చేసుకున్న అల్లుళ్ల వంశం. ఆస్మాన్ జా, వికారుల్ ఉమ్రా దివాన్లుగా పని చేశారు, ఫలక్‌నుమా కట్టించింది ఆ వికారుల్ ఉమ్రాయే. సాలార్ జంగులది వేరే ఇల్లు, దివాన్ల ఇల్లు. మూడో సాలార్ జంగ్ 1949లో పెళ్లి కాకుండానే పోయారు, ఆయన సేకరణ 1951లో మ్యూజియమై, 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ సంస్థ అయింది. "సాలార్ జంగ్ సొంత మనవణ్ని" అని ఎవరైనా వస్తే మూడో ఆయన మనవడు కాలేడని మాత్రం గుర్తుంచుకోండి.

అపోహ: దాయాది శాఖలు కూర్చుని తిన్నవే, వాళ్లకు ప్రజా జీవితంలో పాత్ర లేదు.

ఇది డబ్బు పోగొట్టే అపోహ కాదు గాని చరిత్రకు అన్యాయం చేస్తుంది. ఆదోనిలో కూర్చుని పాలించిన బసాలత్ జంగ్ మొదటి నిజాం కొడుకు, రెండో నిజాం అయిన నిజాం అలీ ఖాన్ సోదరుడు. గుంటూరు సర్కారు ఆయన జీవితకాలం ఆయన చేతిలోనే ఉండాలని, ఆ తరవాత ఇంగ్లీషువాళ్లకు చెందాలని 1768 సంధిలో రాసుకున్నారు. 1782లో ఆయన పోయాక కూడా అది వాళ్ల చేతికి రావడానికి 1788 దాకా పట్టింది. జీవితకాలానికి ఇచ్చింది జీవితంతోనే ముగుస్తుందన్న సంగతి ఆనాటికే అందరికీ తెలుసు. ఏడో నిజాం రెండో కొడుకు మొఅజ్జం జా సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డుకు అధ్యక్షుడు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్టుకు ఆయన పేరు అలా వచ్చింది. ముకర్రం జా గద్దె వారసుడైన తరవాత ఆయన తమ్ముడు ముఫఖ్ఖం జాది పక్క శాఖే అయింది, ఈ ముఫఖ్ఖం జా పేరిట బంజారాహిల్స్‌లో ఇంజనీరింగ్ కళాశాల నడుస్తోంది. మొఅజ్జం జా బోర్డు అధ్యక్షుడైనంత మాత్రాన బోర్డు వేసిన రోడ్లు ఆయన వారసులవి కావు కదా. 1971లో 26వ రాజ్యాంగ సవరణ రాజభరణాలనూ గుర్తింపునూ తీసేశాక మిగిలింది ట్రస్టులు, విద్యాసంస్థలు, కొన్ని ఇళ్లు.

అసలైన వారసుల పట్ల నాకు కోపం లేదు. పురానీ హవేలీ వైపు, రెండు గదుల వాటాలో ఉంటున్న ఒక పెద్దాయన పోయినేడు వచ్చారు, నిజంగానే ఒక దాయాది శాఖ వారు. ఆస్పత్రి ఖర్చుకు ఇరవై వేలిచ్చి ఒక బ్రోకరు ఆయన చేత జీపీఏ మీద సంతకం చేయించుకున్నాడు. ఏ ఊరి భూమికో కూడా ఆయనకు తెలియదు. "మా దగ్గర అమ్మడానికి పేరు తప్ప ఏముంది వకీల్ సాబ్, అదే అమ్ముకున్నామని ఇప్పుడు తెలిసింది" అన్నారు. రద్దు పత్రం రాసి రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లాను. వేలిముద్రల యంత్రం ఆయన వేలిని మూడుసార్లు పట్టలేదు. నాలుగోసారి పట్టాక ఉర్దూలో సంతకం చేశారు, పేరు ముందు సాహెబ్‌జాదా (రాజకుటుంబీకుడు) అని మాత్రం రాయలేదు. ఉపాధ్యాయుడుగారి అగ్రిమెంటు మీద ఉన్నది ఈయన సంతకం కాదు, అది వేరే శాఖ, వేరే బ్రోకరు. ఆ బయానా కోసం వేసిన కేసు వాయిదా వచ్చే నెలలో ఉంది.