చనుబాల దగ్గర మొదలై గురక దాకా: నాలుక తీగ గొడవ వెనక కథ

నాలుక కింద సన్నటి తీగ, పై పెదవి లోపల చిన్న పొర. పదేళ్లు, పద్నాలుగేళ్లు వచ్చిన పిల్లలకు వీటిని కోయించాలా వద్దా అన్న గొడవ మళ్ళీ రాజుకుంది. "మీ అబ్బాయి నోరు తెరిచి నిద్రపోతున్నాడా? పొద్దున్నే చిరాకు పడుతున్నాడా? నాలుక తీగ చూపించారా?" అని అడిగే రీల్స్ అమ్మానాన్నల ఫోన్లలో తిరుగుతున్నాయి. కింద కామెంట్లలో ఒకరు చేయించాక పాప హాయిగా పడుకుంటోందని రాస్తే, ఇంకొకరు డబ్బు పోయింది, గురక మాత్రం పోలేదని రాస్తున్నారు.

పసిపిల్లల సంగతి తెలిసిందే. పాలు పట్టలేకపోతే కత్తెరతో చిన్న గాటు పెట్టడం, మాటలు రావాలని మన ఇళ్లలో వస అరగదీసి నాకించడం, ఇవన్నీ ఎన్నోసార్లు రాసినవే. వాటిని వదిలేద్దాం. ఈ గొడవ ముడి పెద్దపిల్లల దగ్గరే ఉంది.

నిజానికి పెద్దపిల్లల నాలుక మీదికి కత్తి రావడం కొత్తేమీ కాదు. 1841 జనవరిలో బెర్లిన్‌లో యోహాన్ ఫ్రీడ్రిఖ్ డీఫెన్‌బాఖ్ అనే పేరుమోసిన సర్జన్ 13 ఏళ్ల కుర్రాడికి నత్తి పోగొడతానని నాలుక మొదట్లో కోత పెట్టాడు. మత్తుమందు వైద్యంలోకి రావడానికి ఇంకా ఐదేళ్లు ఉంది. ఆ కుర్రాడు ఎలా ఓర్చుకున్నాడో మనం ఊహించుకోవాల్సిందే. కొన్ని నెలల్లోనే ఈ పద్ధతి ఫ్రాన్సుకు కూడా పాకి, అంతే వేగంగా మూలన పడింది. నత్తి నాలుకలో ఉండదని, తీగ కోస్తే పోదని ఇప్పుడు ఏ స్పీచ్ థెరపిస్టును అడిగినా చెబుతారు. కానీ "మాట తేడాగా ఉంది, నాలుక కింద చూపించండి" అన్న సలహా మన ఇళ్లలో ఇంకా నడుస్తూనే ఉంది.

2000ల మొదట్లో దక్షిణ కొరియాలో ఇదే ఆలోచన ఇంకో వేషం కట్టింది. ఇంగ్లిష్‌లో ర, ల తేడాగా పలకాలని తల్లిదండ్రులు చిన్నపిల్లలకు నాలుక తీగ కోయించారు. అమెరికాలో పుట్టి పెరిగిన కొరియా పిల్లలు ఏ కోతా లేకుండానే ఆ రెండక్షరాలూ చక్కగా పలుకుతున్నారన్న విషయం ఎవరి చెవికీ ఎక్కలేదు. చివరికి ఆ దేశపు మానవ హక్కుల కమిషన్ 2003లో తీయించిన లఘుచిత్రాల్లో ఒకటి ఈ ఆపరేషన్ మీదే వచ్చింది. ఇంగ్లిష్ మీడియం కోసం ఊళ్లు మారే మనం దీన్ని చూసి నవ్వే పరిస్థితిలో లేం.

అయినా వీటిలో ఏదీ ఇప్పటి గొడవకు మూలం కాదు. మలుపు రెండు మెట్లుగా వచ్చింది.

మొదటి మెట్టు 2004. అంతవరకు నాలుక తీగ సమస్య అంటే, అంటే తీగ పొట్టిగా ఉండి నాలుకను కదలనివ్వకపోవడం అంటే, కంటికి కనిపించేది. పిల్లాడు నాలుక చాపితే కొన హృదయం ఆకారంలో మధ్యకు నొక్కుకుపోయేది, చూడగానే తెలిసిపోయేది. ఆ ఏడాది అమెరికా పిల్లల వైద్యుల అకాడమీలోని తల్లిపాల విభాగం వార్తాపత్రికలో కోరిల్లోస్, జెన్నా, సల్లూమ్ అనే ముగ్గురు తీగను నాలుగు రకాలుగా విడగొట్టారు. చివరి రెండూ నాలుక వెనక భాగానివి. నాలుగోది కంటికి కనిపించదు, వేలు పెట్టి తడిమితేనే తెలుస్తుంది. కనిపించనిది కూడా తీగేనన్నాక అది లేదని ఎవరు తేల్చగలరు? అమెరికా ఆసుపత్రుల లెక్కల్లో 1997లో 3,934 మంది పిల్లల రికార్డుల్లో నాలుక తీగ సమస్య ఉందన్న నిర్ధారణ ఉంటే, 2012 నాటికి 32,837 మందికి చేరింది. తీగ కత్తిరించడం 1,279 నుంచి 12,406కు పెరిగింది. 2012లో పుట్టినవాళ్లు ఇప్పుడు టీనేజర్లు.

రెండో మెట్టు స్టాన్‌ఫోర్డ్‌లో పడింది. నా లెక్కలో అసలు మలుపు ఇదే. క్రిస్టియన్ గిల్‌మినో నిద్ర వైద్యంలో చిన్నవాడు కాదు. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బును, అంటే స్లీప్ ఆప్నియాను, 1970లలో గుర్తించి పేరుపెట్టినవాళ్లలో ముఖ్యుడు. 2016లో ఆయన బృందం, నిద్ర సమస్యతో తమ దగ్గరికి వచ్చిన 3 నుంచి 12 ఏళ్ల పిల్లలు 150 మందిని పరిశీలిస్తే 63 మందికి నాలుక తీగ పొట్టిగా ఉందని ప్రచురించింది. వాళ్ల వాదన ఒక గొలుసు. తీగ పొట్టిదైతే నాలుక అంగిలికి ఆనదు. ఆనకపోతే అంగిలి వెడల్పు కాకుండా ఇరుకుగా, ఎత్తుగా పెరుగుతుంది. అంగిలి ఇరుకైతే దాని పైనున్న ముక్కు దారి ఇరుకవుతుంది. అప్పుడు పిల్లాడు నోటితో గాలి పీలుస్తాడు, గురక పెడతాడు, నిద్ర చాలక బడిలో కునికిపాట్లు పడతాడు.

వినడానికి బాగుంది. ఒక్కో లంకె విడిగా చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ ఆ 150 మందీ నిద్ర సమస్యతోనే క్లినిక్ మెట్లెక్కినవాళ్లు. హాయిగా నిద్రపోయే పిల్లల్లో ఎంతమందికి అలాంటి తీగ ఉందో ఆ లెక్క చెప్పదు. తీగ వల్ల అంగిలి ఇరుకైందా, లేక రెండూ కలిసే వచ్చాయా అన్నదీ చెప్పదు. ఈ జాగ్రత్త రీల్స్‌లోకి చేరలేదు, గొలుసు మాత్రం చేరింది.

2017లో 1,052 మందిని కొలిచి ఇంకో బృందం, తీగ నాలుకను ఎంత బిగించిందో చెప్పే ఒక కొలబద్ద తయారు చేసింది. నోరు పూర్తిగా తెరిస్తే ఎంతో చూడాలి. నాలుక కొనను పై ముందుపళ్ల వెనక ఆనించి తెరిస్తే ఎంతో చూడాలి. రెండో కొలత మొదటిదాంట్లో ఎన్నో శాతమో లెక్కేయాలి. స్కూలు స్కేలు పట్టుకుని అద్దం ముందు నేనూ చేసి చూసుకున్నాను: 48 మిల్లీమీటర్లు, 31 మిల్లీమీటర్లు. దాదాపు 65 శాతం. పట్టిక ప్రకారం రెండో గ్రేడు, అంటే 50కీ 80కీ మధ్య, మామూలే. రెండోసారి కొలిస్తే 34 వచ్చింది. పిల్లాడు భయంతో నోరు బిగిస్తే గ్రేడు ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు.

కోత వేసేవాళ్ల వైపు నుంచి ఉన్న గట్టి మాట 2019 నాటిది. 348 మందికి తీగ సరిచేసి, ముందూ వెనకా నాలుక వ్యాయామాలు చేయించామని, పదిలో తొమ్మిదిమంది తృప్తి చెందారని ప్రచురించారు. పోల్చి చూడటానికి ఆపరేషన్ లేకుండా వ్యాయామాలు మాత్రమే చేసిన గుంపు లేదు. మరుసటి ఏడాది అమెరికా ఈఎన్‌టీ సర్జన్ల అకాడమీ నిపుణుల బృందం ఏకాభిప్రాయ ప్రకటన వెలువరించింది. నాలుక తీగ వల్ల సాధారణంగా మాట దెబ్బతినదని, స్లీప్ ఆప్నియా రాదని అందులో తేల్చారు. ఆ మాట అన్నది ఆపరేషన్లు చేసే సర్జన్లే అని గుర్తుపెట్టుకోవాలి. 2023 చివర్లో న్యూయార్క్ టైమ్స్ ఈ వ్యాపారం మీద పెద్ద పరిశోధనా కథనం వేసింది. 2024లో పిల్లల వైద్యుల అకాడమీ తల్లిపాల కోణంలో నివేదిక ఇచ్చింది. అది పసిపిల్లలకే పరిమితం. పద్నాలుగేళ్లవాడి గురించి అందులో వెతికితే దొరకదు. క్లినిక్‌ల ప్రచారమంతా ఆ ఖాళీలోనే నడుస్తోంది.

పెద్దపిల్లలకు అసలు అక్కర్లేదని కాదు. నాలుక కొన కింది పళ్లు దాటి రాని పిల్లలు ఉంటారు. ఐస్‌క్రీం నాకలేరు, చెంపలో ఇరుక్కున్న అన్నం మెతుకును నాలుకతో తీసుకోలేరు, ళ, ణ కోసం నాలుక మడవలేరు. వాళ్లకు చేస్తే మేలే. అయితే పసివాడికి పెట్టే గాటుకూ దీనికీ పోలిక లేదు. మత్తు కావాలి, తరచు కుట్లు పడతాయి, మళ్ళీ అతుక్కోకుండా వారాల తరబడి వ్యాయామం చేయాలి. తీగకు రెండు పక్కలా లాలాజలం వచ్చే గొట్టాలు ఉంటాయి కాబట్టి చేయి జాగ్రత్తగా ఆడాలి. అందుకే ముందు స్పీచ్ థెరపిస్టుకు చూపించమంటారు. ళ పలకని పిల్లల్లో ఇంట్లో ళ విననివాళ్లూ ఉంటారు.

మన దేశంలో ఈ మాట పతాక శీర్షికల్లోకి ఎక్కింది 2024 మేలో, కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల ఉదంతంతో. ఆరో వేలు తీయించడానికి నాలుగేళ్ల పాపను తీసుకొస్తే నాలుక కింద కోశారు. డాక్టర్ సస్పెండయ్యారు. పాపకు నాలుక తీగ సమస్య కూడా కనిపించిందన్నది ఆస్పత్రి వైపు నుంచి వచ్చిన వివరణ. నాలుక గురించి మేమెప్పుడూ చెప్పలేదన్నది ఇంటివాళ్ల మాట. పొరపాటును కప్పుకోవడానికి కూడా ఆ రోగం పేరే అక్కరకొచ్చింది.

ఇక పెదవి పొర సంగతి. దాని కథ చిన్నది. పై పెదవి లోపలి పొర అందరికీ ఉంటుంది. ముందుపళ్ల మధ్య సందుకు అదే కారణమని కోసేస్తారు. కానీ ఏడెనిమిదేళ్లకు ఆ సందు ఉండటం మామూలే. పదకొండు, పన్నెండేళ్లకు పై కోరపళ్లు దిగేటప్పుడు పక్క నుంచి నెట్టితే చాలావరకు మూసుకుంటుంది. పళ్ల వరస సరిచేసే డాక్టర్లు ఈ సంగతి 1930ల నుంచీ చెబుతున్నారు. అప్పటికీ మూసుకోకపోతే ముందు క్లిప్పులతో దగ్గరికి లాగి, తర్వాత పొర సంగతి చూస్తారు.

మా అక్క కూతురికి పదేళ్లు. నాలుకదీ పెదవిదీ కలిపి లేజర్‌తో ఒకే సిట్టింగ్‌లో తీసేస్తామని ఒక క్లినిక్‌లో చెప్పారు. ఇంకో డాక్టరమ్మ పెదవి ఎత్తి చూసి, నాలుకతో పై పెదవి మీద తేనె నాకించి, కోరపళ్లు వచ్చాక తీసుకురండి అంది. ఇంకా రాలేదు.