పేరెంట్‌ని పిలవడం మరిచిపోతే

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ కోచింగ్ సెంటర్లో కూర్చున్నా, వెబ్ ఫ్రేమ్‌వర్క్ (సైట్లు కట్టడానికి ముందే సిద్ధంగా ఉండే కోడ్) పాఠం మొదలైన కాసేపటికే బోర్డు మీదికి ఒక లైన్ వస్తుంది: మన కంట్రోలర్ పేరు, దాని పక్కనే ‘ఎక్స్‌టెండ్స్ కంట్రోలర్’. అందరూ నోట్సులోకి ఎక్కించుకుంటారు, టైప్ చేస్తారు, పేజీ తెరుచుకుంటుంది. ‘ఎక్స్‌టెండ్స్’ అంటే మన క్లాస్ (మనం రాసే కోడ్ మూస) ఇంకో క్లాస్ నుంచి పుడుతోందని, ఆ ఇంకో క్లాసే దాని పేరెంట్. ఆ ‘ఎక్స్‌టెండ్స్’ వెనక ఏం జరుగుతోందో తెలియకుండానే చాలామంది హైటెక్ సిటీలో ఉద్యోగాలకు కూడా వెళ్లిపోతారు. అసలు పాఠం ఉన్నది అక్కడే.

ఇలాంటి ఫ్రేమ్‌వర్కుల్లో ప్రోగ్రామ్‌ని మూడు భాగాలు చేస్తారు. సమాచారాన్నీ దాని నియమాల్నీ చూసుకునేది మోడల్. తెరమీద చూపించేది వ్యూ. వచ్చిన కోరికను అందుకుని పని నడిపించేది కంట్రోలర్. ఈ విభజన వెబ్ కంటే పాతది. 1979లో నార్వేకి చెందిన ట్రుగ్వె రీన్‌స్కౌగ్ అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ఉన్నప్పుడు దీన్ని రాసిపెట్టాడు. ఒక క్లాస్ నుంచి ఇంకో క్లాస్ పుట్టే పద్ధతి ఇంకా ముందుది. అది 1967లో ఓస్లోలో డాల్, నుగార్డ్ తయారుచేసిన సిమ్యులా 67 భాషలోనే ఉంది. ఇవాళ్టి ఫ్రేమ్‌వర్కుల్లో ఈ రెండూ కలిసి నడుస్తున్నాయి.

పీహెచ్‌పీ భాషలో రాసిన ‘యీ 2’ ఫ్రేమ్‌వర్క్ విప్పి చూడండి. అన్నిటికంటే అడుగున ‘బేస్‌ఆబ్జెక్ట్’ అనే చిన్న క్లాస్ ఉంటుంది. దాని మీద ‘కాంపొనెంట్’. మోడల్, వ్యూ, కంట్రోలర్ మూడూ ఈ కాంపొనెంట్ సంతానమే. ఏదైనా జరిగినప్పుడు కబురు పంపే ‘ఈవెంట్’ సదుపాయం, బయటి నుంచి కొత్త గుణాలు తగిలించే ‘బిహేవియర్’ సదుపాయం ఈ మూడింటికీ అక్కడి నుంచే వస్తాయి.

కోడ్ మళ్లీ మళ్లీ రాయక్కర్లేకపోవడమే ఇలా అడుగున ఉండే బేస్ క్లాస్ లాభమని మామూలుగా చెబుతారు. నాకైతే అది చిన్న లాభం అనిపిస్తుంది. ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్న వరస ఒక్కచోట ఖాయం కావడం అంతకంటే పెద్దది. కంట్రోలర్‌లోని ఏ యాక్షన్ (ఒక్కో కోరికకు జవాబిచ్చే పని) నడిచినా ముందు ‘బిఫోర్‌యాక్షన్’, తర్వాత అసలు పని, చివర ‘ఆఫ్టర్‌యాక్షన్’. బిఫోర్‌యాక్షన్ ‘ఫాల్స్’ అందంటే అసలు పని మొదలే కాదు.

ఎస్సార్ నగర్‌లో ఒక హాస్టల్‌కి సైట్ రాస్తున్నామనుకుందాం. గదులు, అద్దె, మెస్, కంప్లైంట్లు, ఒక్కోదానికి ఒక్కో కంట్రోలర్. లాగిన్ అయినవాళ్లకే లోపలికి అనుమతి అన్న నియమాన్ని మన సొంత బేస్ కంట్రోలర్‌లో బిహేవియర్‌గా తగిలించాం. అన్నిటికీ తాళం పడింది. కొన్నాళ్లకు అద్దె కంట్రోలర్ రాస్తున్న అబ్బాయికి, ప్రతి యాక్షన్‌కి ముందు ఈ నెల తేదీలు సిద్ధం చేసుకోవాల్సి వచ్చింది. బిఫోర్‌యాక్షన్ మళ్లీ రాశాడు, తేదీలు పెట్టాడు, చివర ‘ట్రూ’ అన్నాడు. పేరెంట్ బిఫోర్‌యాక్షన్‌ని పిలవలేదు. పిలవకపోతే అది నడవదు.

పేజీ చక్కగా వస్తుంది. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. కానీ లాగిన్ చూసే బిహేవియర్ మేలుకోవాలంటే ఒక ఈవెంట్ మోగాలి. ఆ ఈవెంట్‌ని మోగించేది పేరెంట్ బిఫోర్‌యాక్షనే. ఫారం మన సైట్ నుంచే వచ్చిందా లేదా అని చూసే పరీక్ష కూడా అందులోనే ఉంది. రెండూ ఒక్కసారే ఆగిపోయాయి. ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఇప్పుడు దారిన పోయేవాళ్లయినా చూడొచ్చు.

తప్పు ఆ అబ్బాయిదే అని తేల్చేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. భద్రతంతా ఒక మనిషి గుర్తుపెట్టుకునే ఒక్క లైన్ మీద నిలబెట్టినప్పుడు, లోపం ఆ అమరికలోనే ఉంది. రూబీ ఆన్ రెయిల్స్ అనే ఇంకో ఫ్రేమ్‌వర్క్ దీన్ని వేరేగా చేసింది: యాక్షన్‌కి ముందు జరగాల్సినవి ఒక జాబితాలో చేరతాయి, సబ్‌క్లాస్ (పేరెంట్ నుంచి పుట్టిన క్లాస్) తనవి అందులో కలుపుకుంటుంది, పైనుంచి వచ్చినవి కావాలని తీసేస్తే తప్ప పోవు. యీలో కూడా దారి ఉంది. మన బేస్ కంట్రోలర్‌లో బిఫోర్‌యాక్షన్‌ని ‘ఫైనల్’ చేసి, అంటే ఇంకెవరూ తిరగరాయకుండా చేసి, లోపల పేరెంట్‌ని పిలిచి, ఆ తర్వాత ‘సిద్ధం’ లాంటి ఒక ఖాళీ మెథడ్‌ని పిలవాలి. తేదీలు అందులో పెట్టుకోవచ్చు. ఎవరైనా బిఫోర్‌యాక్షన్‌నే తిరగరాయబోతే పీహెచ్‌పీ ఆ క్లాస్‌ని లోడ్ చెయ్యనే చెయ్యదు. తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

బేస్ క్లాస్ అపార్ట్‌మెంట్ మీది వాటర్ ట్యాంక్ లాంటిది, అందులో ఏది పడినా ప్రతి కొళాయిలోనూ వస్తుంది. పేజీ పైభాగంలో పెండింగ్ కంప్లైంట్ల సంఖ్య చూపించాలని ఆ లెక్కను బేస్ కంట్రోలర్‌లో పెడితే, ఫోటో అప్‌లోడ్ చేసినా, మొబైల్ యాప్ నుంచి చిన్న ప్రశ్న వచ్చినా, డేటాబేస్‌కి అదే క్వెరీ వెళ్తుంది. అది వ్యూకి సంబంధించిన పని, అక్కడే ఉండాలి. లారావెల్ అనే మరో పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ 11వ వెర్షన్ వచ్చినప్పుడు, 2024లో, కొత్త ప్రాజెక్టుల్లోని బేస్ కంట్రోలర్‌ని దాదాపు ఖాళీ చేసేశారు. కావలసినవాళ్లు కావలసింది కలుపుకుంటారు. నాకు ఆ నిర్ణయం నచ్చింది.

పేరు మారినా చాలు, కదలిక పైదాకా వస్తుంది. యీలో బేస్‌ఆబ్జెక్ట్ అసలు పేరు ‘ఆబ్జెక్ట్’. 2017లో పీహెచ్‌పీ 7.2 ఆ పేరుతో క్లాస్ ఉండకూడదంది. దాంతో ఆ పాత పేరు నుంచి నేరుగా పుట్టిన ప్రతి క్లాస్‌నీ, కొత్త పీహెచ్‌పీకి మారాలంటే, ఎవరికివాళ్లు దిద్దుకోవాల్సి వచ్చింది.

మీ దగ్గర యీ ప్రాజెక్ట్ ఉంటే, కోడ్‌లో బిఫోర్‌యాక్షన్ అని వెతికి, దొరికిన ప్రతిచోటా లోపల పేరెంట్ పిలుపు ఉందో లేదో చూడండి. పావుగంట పని.