ఎక్స్‌రే ఏఐ చదువుతుంది, తెమడ ఎవరు పడతారు?

టీబీ శిబిరం ముగిశాక బయటికి వచ్చే అంకె ఎప్పుడూ ఒకటే: ఇంతమందికి ఎక్స్‌రే తీశాం. ఏఐ అనుమానించినవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఎందరి తెమడ ల్యాబ్‌కు చేరింది, ఎందరి ఫలితం వచ్చింది అన్న అంకెలు వెనకబడి పోతాయి. వరంగల్ నుంచి ఏటూరునాగారం దాకా ఆశాలు, ల్యాబ్ టెక్నీషియన్లు అడుగుతున్నది ఆ వెనక అంకెల గురించే. డాక్టర్ లేని ఊళ్లో కూడా మిషను క్షణాల్లో ఊపిరితిత్తుల్ని చదివేస్తోందన్నది పైఅధికారుల మాట. రాబోయే మహమ్మారిని పట్టడానికి కూడా ఇదే దారి అన్న మాట ఇప్పుడు దానికి తోడవుతోంది.

కరోనా ఎలా వచ్చింది, లాక్‌డౌన్ ఎలా గడిచింది అన్నవి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఈ గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 2021 మార్చి.

ఆ నెలలో రెండు విషయాలు తేలాయి. మొదటిది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకుల సమీక్ష. ఛాతీ ఎక్స్‌రే, సీటీ స్కాన్ చూసి కరోనాను పట్టేస్తామంటూ 2020 జనవరి నుంచి అక్టోబర్ మొదటి వారం వరకు వచ్చిన 2,212 అధ్యయనాలను వాళ్లు ఏరారు. నాణ్యత వడపోత తర్వాత మిగిలినవి 62. వాటిలో దవాఖానలో వాడదగ్గది ఒక్కటీ లేదని తేల్చారు. రెండోది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. 15 ఏళ్లు దాటినవాళ్లకు టీబీ స్క్రీనింగ్‌లో ఎక్స్‌రేను డాక్టర్‌కు బదులు కంప్యూటరే చదవవచ్చని అది మొదటిసారి సిఫారసు చేసింది. అదే ఛాతీ, అదే ఎక్స్‌రే, అదే తరహా సాఫ్ట్‌వేర్. ఒక జబ్బులో పనికిరానిది ఇంకో జబ్బులో ఎలా పనికొచ్చింది?

కరోనా మోడళ్లు నేర్చుకున్న బొమ్మల్లోనే తప్పుంది. కరోనా ఉన్నవాళ్ల ఎక్స్‌రేలు పెద్దవాళ్లవి. కరోనా లేనివాళ్లవని చాలామంది వాడుకున్న బొమ్మలు చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లలవి. మిషను జబ్బును వదిలేసి పిల్లల ఛాతీకీ పెద్దల ఛాతీకీ ఉన్న తేడాను నేర్చుకుంది. కొన్ని మోడళ్లు ఫిల్మ్ అంచున ఉన్న అక్షరాలను, గుర్తులను పట్టుకున్నాయి. బాగా జబ్బుపడినవాళ్లకు మంచం మీదే పడుకోబెట్టి పోర్టబుల్ మిషనుతో తీస్తారు, మిగతావాళ్లను నిలబెట్టి తీస్తారు. మోడల్‌కు ఆ తేడా దొరికితే చాలు, ఊపిరితిత్తులను చూడకుండానే పరీక్ష పాసవుతుంది. ఇంకో దవాఖాన బొమ్మ ఇస్తే తప్పుతుంది.

టీబీలో ఆ ఇబ్బంది తక్కువ. దశాబ్దాల ఎక్స్‌రేలున్నాయి. వాటిలో చాలావాటికి పక్కనే తెమడ పరీక్ష ఫలితం ఉంది, అంటే మిషను చెప్పింది నిజమో కాదో తేల్చే కొలబద్ద ఉంది. అంతకన్నా ముఖ్యమైంది, ఆ సిఫారసులో ఏఐకి ఇచ్చిన పని నిర్ధారణ కాదు, వడపోత. ఎవరి తెమడ పరీక్షించాలో చెప్పడం వరకే దాని పని. ఆ తర్వాత తెమడలో క్రిమి డీఎన్ఏను వెతికే మిషన్లు సీబీనాట్‌లోనో ట్రూనాట్‌లోనో క్రిమి కనబడాలి. తెమడ పరీక్ష లేకపోతే ఆ సిఫారసుకు అర్థమే లేదు. మన దగ్గర శిబిరాల ప్రచారంలో మొదటి సగమే గట్టిగా వినబడుతోంది.

ఇక్కడ ఏడాది వెనక్కి వెళ్లాలి. 2020 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం ఆ ఏడాదిని కృత్రిమ మేధ (ఏఐ) సంవత్సరంగా ప్రకటించింది. నాలుగు నెలలు తిరక్కుండానే దేశమంతా టీబీ కోసం కొన్న ట్రూనాట్, సీబీనాట్ మిషన్లను కరోనా పరీక్షలకు మళ్లించారు. టీబీ సిబ్బందినీ ఆ పనికే పంపారు. 2019లో దేశంలో 24 లక్షల టీబీ కేసులు నమోదైతే 2020లో 18 లక్షలకు పడిపోయాయి. జబ్బు తగ్గలేదు, పట్టుకునే చేతులు తగ్గాయి. 2025 కల్లా టీబీని అంతం చేస్తామన్న లక్ష్యం, అంటే ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల గడువు 2030కి ఐదేళ్లు ముందే అందుకోవాలనుకున్నది, ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. 2015లో లక్ష జనాభాకు 237గా ఉన్న కొత్త కేసుల రేటు 2024కి 187కు దిగింది. తగ్గింది సుమారు 21 శాతం, అనుకున్నది 80 శాతం.

సెకండ్ వేవ్‌లో తెలంగాణ నిజంగా నమ్ముకున్నదేమిటో ఇప్పుడు మళ్లీ చెప్పుకోవాలి. 2021 మేలో ఆశాలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ వెళ్లి జ్వర సర్వే చేశారు. జ్వరం ఉందా, దగ్గు ఉందా, ఎన్ని రోజుల నుంచి అని అడిగారు. లక్షణాలుంటే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా అక్కడికక్కడే మందుల కిట్ ఇచ్చారు. తర్వాత మళ్లీ వెళ్లి ఎలా ఉందని చూశారు. 2022 జనవరిలో మూడో వేవ్‌కూ అదే చేశారు. సెకండ్ వేవ్ సమయంలోనే పట్టణాల్లో జనం సీటీ స్కాన్ సెంటర్ల ముందు వరుస కట్టి, ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే స్కోరు 25కు ఎంత వచ్చిందో చూసుకున్నారు. ఎక్స్‌రే ఫిల్మ్‌ను ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే ఏఐ చదివిపెట్టే ఎక్స్‌రేసేతు బెంగళూరు నుంచి వచ్చిందీ అప్పుడే. కరెంటు పోయిన క్లినిక్‌లో కిటికీ వెలుతురుకు పట్టుకుని తీసిన ఫిల్మ్ ఫోటోను చదవడం ఏ సాఫ్ట్‌వేర్‌కైనా కష్టమే. ఊరి గడప దగ్గర పని జరిపించింది మాత్రం రెండోసారి తిరిగి వచ్చిన మనిషి.

అధికారుల వాదనలో బలం లేదని కాదు. 2019-21లో చేసిన జాతీయ టీబీ సర్వేలో నిర్ధారణ అయిన రోగుల్లో 42.6 శాతం మంది ఎక్స్‌రే తీయకపోతే దొరికేవాళ్లు కాదు. దగ్గు లాంటి లక్షణాలు లేకుండా లోపల జబ్బు పెంచుకుంటున్నవాళ్లు వీళ్లు. 2024 డిసెంబర్ 7న 100 రోజుల టీబీ కార్యక్రమాన్ని చేత్తో పట్టుకెళ్లే ఎక్స్‌రే మిషన్లతో మొదలుపెట్టడానికి కారణమూ ఇదే. ఎక్స్‌రే కావాలన్నదాంట్లో గొడవ లేదు.

గొడవంతా తర్వాతి లెక్కలో ఉంది. ఇలాంటి వడపోత పరీక్షకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో పెట్టిన కనీస ప్రమాణం: జబ్బున్న 100 మందిలో 90 మందిని పట్టాలి, జబ్బులేని 100 మందిలో 70 మందిని వదిలేయాలి. ఒక మండలంలో 1,000 మందికి ఎక్స్‌రే తీస్తే వాళ్లలో ఐదుగురికి టీబీ ఉందనుకుందాం. ఏఐ నలుగురైదుగురిని పడుతుంది. జబ్బులేని 995 మందిలో మరో 298 మందిని కూడా అనుమానిస్తుంది. అంటే 300కు పైగా తెమడ డబ్బాలు. ట్రూనాట్‌లో నమూనా నుంచి డీఎన్ఏ తీసే పెట్టె ఒకసారికి ఒక్క నమూనానే తీసుకుంటుంది, దానికి సుమారు 20 నిమిషాలు. 300 నమూనాలకు ఆ ఒక్క మెట్టుకే 100 గంటలు. రోజుకు ఎనిమిది గంటలు ఆగకుండా నడిపినా పన్నెండు రోజులు దాటుతుంది. ఈలోగా కరెంటు పోతుంది, పరీక్షకు వాడే చిప్‌లు అయిపోతాయి, రోజూ వచ్చే ఓపీ నమూనాలు వస్తూనే ఉంటాయి.

డబ్బా నింపడం దగ్గరే చాలాసార్లు పని చెడుతుంది. తెమడ పొద్దున లేవగానే, నోరు నీళ్లతో పుక్కిలించాక, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి లోపల్నుంచి దగ్గి తీయాలి. చిక్కగా ఉండాలి, కనీసం 2 మిల్లీలీటర్లు. శిబిరం మధ్యాహ్నం పెడితే డబ్బాలో పడేది ఉమ్మే. ఉమ్మిలో క్రిమి దొరకడం కష్టం, రిపోర్టు ‘లేదు’ అని వస్తుంది, మనిషి నిశ్చింతగా ఇంటికి పోతాడు. పేరు మూత మీద రాస్తే ల్యాబ్‌లో మూతలు మారతాయి, డబ్బా ఒంటి మీదే రాయాలి. ఎండాకాలం మంగపేట, వాజేడు వైపు నుంచి చల్లబెట్టకుండా తెస్తే దారిలోనే నమూనా పాడవవచ్చు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. ఎక్స్‌రే మాత్రమే పట్టగలిగిన మనిషికి చాలాసార్లు దగ్గు ఉండదు. దగ్గు లేనివాడికి తెమడ రావడం కష్టం. ఏఐ వల్ల కలిగే లాభమంతా ఎవరి దగ్గర ఉందో, తెమడ పరీక్ష వాళ్ల దగ్గరే ఆగిపోతోంది. అలాంటివాళ్లకు ఉప్పునీటి ఆవిరి పట్టి తెమడ రప్పించాలి. అది ఊరి శిబిరంలో అయ్యే పని కాదు, వరంగల్ ఎంజీఎం దవాఖాన లాంటి చోటికి తీసుకెళ్లాలి. రోజు కూలీ వదులుకుని, ఒంట్లో ఏ బాధా లేకుండా, మిషను చెప్పిందని ఎంతమంది బస్సెక్కుతారు? ఎక్కించేది మళ్లీ ఆశానే. రోగిని పంపినందుకు ఇచ్చే 500 రూపాయల పారితోషికం జబ్బు తేలితేనే వస్తుంది. మిగతా 298 మంది చుట్టూ తిరిగిన తిరుగుడుకు అది రాదు. నెలకు 18,000 రూపాయల స్థిర వేతనం కావాలన్న వాళ్ల డిమాండ్‌ను టీబీ కార్యక్రమం ఖర్చుల పట్టికతో కలిపి చదవాలి.

మన ప్రాంతపు ఊపిరితిత్తులు కూడా వేరు. భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రిలో బొగ్గు దుమ్ములో ముప్పయ్యేళ్లు పనిచేసినవాళ్లున్నారు. కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో రాతి దుమ్ము పీల్చినవాళ్లున్నారు. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినా మచ్చ మిగిలినవాళ్లున్నారు. ఈ ఛాతీలన్నీ ఏఐకి టీబీలాగే కనబడవచ్చు. అందుకే ఎక్స్‌రేకు ఏఐ ఇచ్చే మార్కులు ఎన్ని దాటితే అనుమానించాలన్న గీతను స్థానికంగా సరిచూసుకోవాలని 2021 మార్గదర్శకాల నుంచీ చెబుతున్నారు. గీత కిందికి దించితే ల్యాబ్ మునుగుతుంది, పైకి జరిపితే రోగులు జారిపోతారు. కంపెనీ పెట్టి పంపిన గీతతోనే క్వారీ కార్మికుడినీ నర్సంపేట రైతునూ కొలవడం సరికాదు. 15 ఏళ్లలోపు పిల్లలకు ఆ సిఫారసే వర్తించదు. మెడ గడ్డల టీబీ ఛాతీ ఎక్స్‌రేలో పడదు.

అందుకే సిబ్బంది అడుగుతున్న నాలుగు అంకెలు న్యాయమైనవి: ఏ గీత పెట్టారు, ఎంతమందిని అనుమానించారు, ఎన్ని సరైన నమూనాలు అందాయి, ఎన్ని ఫలితాలు వచ్చాయి. శిబిరం తేదీ ఖాయం చేసే ముందే ఆ మండలం ల్యాబ్ రోజుకు ఎన్ని నమూనాలు చేయగలదో అడిగి, దానికి తగ్గట్టు రోజుకు ఎందరికి ఎక్స్‌రే తీయాలో నిర్ణయించాలి. డబ్బాలు ముందురోజు సాయంత్రమే ఇళ్లకు చేరాలి, పొద్దున్నే తెమడ తీసుకుని జనం శిబిరానికి రావాలి. దగ్గు లేనివాళ్లను ఎంజీఎంకు తీసుకెళ్లి తీసుకొచ్చే బండి ఖర్చు శిబిరం బడ్జెట్‌లోనే ఉండాలి.